ఈగల క్యాలెండర్: హొసకోటె పుట్టగొడుగుల ఫారంలో నా అనుభవం

బటన్ పుట్టగొడుగుకి పురుగుమందు ఎందుకు కుదరదో చెప్పాలంటే కోత సంగతి ముందు చెప్పాలి. మొగ్గ వేశాక పుట్టగొడుగు రోజుకి దాదాపు రెట్టింపు పెరుగుతుంది. ఒక కోత వచ్చిందంటే నాలుగైదు రోజులు ఆగకుండా కోస్తూనే ఉండాలి. పొద్దున కోసింది సాయంత్రానికి డబ్బాల్లోకి, మర్నాడు తెల్లారేసరికి బెంగళూరు ఇందిరానగర్‌లోని హోటల్ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. టమాటా రైతుకైతే మందు కొట్టాక ఇన్ని రోజులు కోయొద్దని డబ్బా మీద రాసి ఉంటుంది, ఆగుతాడు. మాకు ఆగడానికి రోజంటూ లేదు. పైగా కిటికీల్లేని గది, అందులోనే గంటల తరబడి నిలబడి కోసే ఆడవాళ్ళు. పంట చూస్తే అదే ఒక శిలీంద్రం. బూజు తెగుళ్ళకు మందు కొట్టాలన్నా ఏ బూజు చస్తుందో చూసుకుని కొట్టాలి.

నేను పనిచేసే ఫారం బెంగళూరు దగ్గర హొసకోటె దాటాక మాలూరు వైపు ఉంది. అయిదు పంట గదులు, పఫ్ ప్యానెల్ (లోపల ఫోమ్ నింపిన రేకుల) గోడలు, ఏసీ, ఒక చిన్న బాయిలర్. కంపోస్టు మేం తయారు చేసుకోం. విత్తనం కలిపిన కంపోస్టు పది కిలోల సంచుల్లో బయటి యార్డు నుంచి లారీలో వస్తుంది. మా దగ్గర స్పాన్ రన్ అవుతుంది, అంటే సంచిలో తెల్లబూజు పాకుతుంది. తర్వాత పైన కొబ్బరి పొట్టు కలిపిన కేసింగ్ మట్టి వేస్తాం, తర్వాత అవే సంచుల నుంచి వరసగా మూడు నాలుగు కోతలు. ఓనర్ మా చిత్తూరు జిల్లా వైపు మనిషే, అందరం అన్నా అనే పిలుస్తాం. నేను అంతకుముందు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో చేశాను. నన్ను తీసుకున్నదే ఈగల గొడవ ముదిరాక.

గొడవ ఎంత ముదిరిందంటే, ఒక సూపర్‌మార్కెట్ వాళ్ళు సరుకు వెనక్కి పంపారు. డబ్బా మీద ప్లాస్టిక్ రేపర్ లోపలి వైపు రెండు చిన్న నల్ల ఈగలు అతుక్కుని ఉన్నాయి. కాడ కోస్తే లోపల సన్నటి సొరంగాలు. కోతలు పడిపోతున్నాయి. మామూలుగా 100 కిలోల కంపోస్టుకి 18 కిలోలు దాటాలి, మాకు మూడో కోత వచ్చేసరికి గదిలో కోయడానికేమీ ఉండటం లేదు. "నువాన్ కొట్టేస్తే అయిపోతాది కదా" అని మేస్త్రి ఉద్దేశం. నువాన్ అంటే డైక్లోర్వాస్. ఒకప్పుడు పుట్టగొడుగుల సాగులో అది అందరూ వాడిందే. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో దాని వాడకం పూర్తిగా నిషేధం. మేస్త్రికి ఆ సంగతి చెబితే, "స్టాకు ఎక్కడో ఒకచోట దొరుకుతాది అక్కా" అన్నాడు. అతనికి దొరకడమొక్కటే సమస్య.

ఈగలన్నీ ఒకటి కావని తెలుసుకోవడం మొదటి పని. మా పిన్నమ్మ కొడుకు జీకేవీకేలో, అంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, కీటకశాస్త్రం చదువుతున్నాడు. ఒక ఆదివారం భూతద్దం పట్టుకొచ్చాడు. ఫారంలో వాళ్ళు అప్పటిదాకా అన్నిటినీ "ఈగ" అనే వాళ్ళు, లేకపోతే "దోమ". వాడు గోడ మీద ఉన్నవాటిని చూపించి విడదీశాడు. సన్నటి ఒళ్ళు, పొడుగు కాళ్ళు, పొడుగు మీసాలు, దోమలా నెమ్మదిగా ఎగిరేది సియారిడ్. వీపు గూనిగా ఉండి, మీసాలు కనపడీ కనపడనట్టుగా, దీపం కింద గోడ మీద ఆగి ఆగి గబగబా పరిగెత్తేది ఫోరిడ్. తర్వాత రెండో కోత గది నుంచి ఒక పుట్టగొడుగు తెప్పించి, నల్లటి ఫైలు అట్ట మీద పెట్టి కాడని గోటితో నిలువుగా చీల్చాడు. మొదట ఏమీ కనపడలేదు. కాసేపటికి గోధుమ రంగు గాట్లలోంచి ఒక తెల్లటి పురుగు, లోపలి పేగులు కూడా కనిపించేంత పలుచటిది, తల అటూ ఇటూ తిప్పుతూ బయటికొచ్చింది. ఒళ్ళంతా తెలుపు, తల మాత్రం నిగనిగలాడే నలుపు.

"తల నల్లగుంటే సియారిడ్‌ది అక్కా. ముందువైపు మొనదేలి, తలే లేనట్టుంటే ఫోరిడ్‌ది. కాడలోకి దూరేది ఇదే, నల్ల తలది. రెండోది కంపోస్టులో తెల్లబూజుని తినేస్తుంది, పుట్టగొడుగు జోలికి పెద్దగా రాదు."

ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ తర్వాతి పనంతా దీని మీదే నడిచింది. సియారిడ్ కంపోస్టు వాసనకు వస్తుంది. యార్డులో ఆవిరి పట్టిన కంపోస్టు చల్లబడుతున్నప్పటి నుంచి విత్తనం కలిపి సంచుల్లో నింపేదాకా దానికి పండగే, కేసింగ్ వేశాక మళ్ళీ వస్తుంది. ఫోరిడ్‌ని లాగేది పెరుగుతున్న బూజు వాసన. స్పాన్ రన్ గది తలుపు తెరిచినప్పుడల్లా అది తలుపు దగ్గరే కాచుకుని ఉంటుంది. మరొకటి కూడా ఉంది, సెసిడ్. నారింజ రంగు లేక తెల్లటి పిల్లపురుగు, ఈగగా మారకుండానే లోపల ఇంకో తరం పిల్లపురుగుల్ని పుట్టిస్తుంది. దేవుడి దయ వల్ల మాకది రాలేదు. వస్తే జిగురు కార్డుకి చిక్కదు, కోసేవాళ్ళ చెప్పులకీ చేతులకీ పనిముట్లకీ అంటుకుని గది గదికీ తిరుగుతుంది.

అసలు కిటుకు రోజుల లెక్కలో ఉంది. స్పాన్ రన్‌లో గదిని 24 డిగ్రీల దగ్గర ఉంచుతాం. ఆ వేడిలో ఫోరిడ్ గుడ్డు నుంచి ఈగ కావడానికి దాదాపు 15 రోజులు చాలు, సియారిడ్‌కి మూడు వారాల లోపు. కోతలప్పుడు గదిని 16-18 డిగ్రీలకు దింపుతాం, అక్కడ సియారిడ్‌కే నెల దాటుతుంది, ఫోరిడ్ ఇంకా నెమ్మదిస్తుంది. ఇక గది క్యాలెండర్ పక్కన దీన్ని పెట్టి చూడండి. స్పాన్ రన్‌లో దూరిన కొద్దిపాటి ఆడ ఈగలు గుడ్లు పెడితే, వాటి పిల్లలు కేసింగ్ తర్వాత, మొదటి కోత ముందూ వెనకా బయటికొస్తాయి. అప్పటికి ఎవరూ పట్టించుకోరు, గోడ మీద పదో పన్నెండో కనిపిస్తాయి. సియారిడ్ ఆడది ఒక్కటే నూరుకి పైగా గుడ్లు పెడుతుంది. వాటి పిల్లలు మూడో కోత నాటికి లేస్తాయి. అప్పుడు అందరూ "అయ్యో ఈగ" అంటారు, మందు డబ్బా కోసం చూస్తారు. మూడో కోతలో ఎగురుతున్న ఈగ ఆ గదిలోకి తలుపు లోంచి వచ్చింది కాదు, దాని తాతముత్తాతలు స్పాన్ రన్‌లోనే వచ్చాయి. ఇప్పుడు దాన్ని చంపినా ఆ గదిలో పోయింది ఎలాగూ పోయింది. పైగా అది పక్కనే కొత్తగా నింపిన గదికి సిద్ధంగా ఉంటుంది. మా గొడవంతా ఇదే: అయిదు గదులు అయిదు వయసుల్లో ఉంటాయి, ముసలి గది కన్న ఈగ పసి గదికి వెళుతుంది.

లెక్కలు లేకుండా అన్న ఒప్పుకోడు. కాబట్టి పసుపు జిగురు కార్డులు వేశాం. ప్రతి గదిలో గాలి వచ్చే చోట ఒకటి, రాక్‌ల మధ్య ఒకటి, తలుపు లోపల ఒకటి, బయట కారిడార్‌లో కొన్ని. వారానికోసారి పీకి, సియారిడ్ ఎన్ని, ఫోరిడ్ ఎన్ని అని విడిగా లెక్కపెట్టి గోడ మీది చార్టులో రాయాలి. లెక్కపెట్టే పని కోతకొచ్చే ఇద్దరు అక్కలకు అప్పజెప్పాను. వాళ్ళు హొసకోటె పక్క పల్లెల వాళ్ళు, ఇంట్లో తెలుగు, బయట కన్నడ. ఇద్దరిలో పెద్దక్కకు చదువు తక్కువ, కళ్ళు మాత్రం మహా చురుకు. నాలుగు వారాలు తిరగకముందే భూతద్దం లేకుండానే గూని వీపు దాన్ని గుర్తుపట్టేసేది. "ఈ వారం మూడో రూములో గూనిది జాస్తి అయింది అక్కా" అని నేను చార్టు చూడకముందే చెప్పేసేది.

ఆ చార్టే కథ మలుపు తిప్పింది. మేమంతా తలుపుల్లోంచి వస్తున్నాయనుకున్నాం. కార్డులు చూస్తే పంట గదుల కంటే కారిడార్ కార్డులే నల్లగా నిండుతున్నాయి, అదీ ఏదో ఒక గది ఖాళీ చేసిన వారంలోనే. అయిపోయిన సంచుల్ని ట్రాలీల మీద కారిడార్‌లోంచే వెనక్కి తోసుకెళ్ళేవాళ్ళు. సంచి కదిలితే చాలు, లోపలున్న ఈగలు లేచి దీపాల వైపు పోయేవి. ఇంకోవైపు, షెడ్డు వెనక వాడేసిన కంపోస్టు కుప్ప. రాగి చేలకీ ద్రాక్ష తోటలకీ ట్రాక్టర్లు వచ్చి తీసుకెళ్ళేదాకా అది అక్కడే వారాలు పడి ఉండేది. కుప్ప మధ్యలో వేడి పుడుతుంది కాబట్టి అక్కడ ఏదీ బతకదు. కానీ పైపొర చల్లగా, తడిగా ఉంటుంది, ఈగకి అంతకంటే ఏం కావాలి. కోసేసిన కాడ మొదళ్ళు కూడా బకెట్లతో తెచ్చి ఆ కుప్ప మీదే వేస్తున్నారు.

అన్నకి ఈ చార్టు చూపించి, గది ఖాళీ చేసే ముందు ఆవిరి పెట్టి ఉడికించాలని అడిగాను. గదిలో పంటంతా అయ్యాక, సంచి ఒక్కటీ కదపకుండా తలుపులు మూసి ఆవిరి వదిలి, సంచుల్లోని కంపోస్టు 70 డిగ్రీలకు చేరాక 12 గంటలు అలాగే నిలబెట్టడం. పెద్ద ఫారాల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. అందులో ఈగ, గుడ్డు, పిల్లపురుగు, నులిపురుగు, మైట్లు (నల్లిలాంటి అతి చిన్న పురుగులు), తెగుళ్ళ సిద్ధబీజాలు అన్నీ పోతాయి.

"ఏమ్మా, ఎట్లాగూ పారేసే సంచులకి కట్టెలు తగలబెట్టమంటావా?" అన్నాడు అన్న.

ఆయన ప్రశ్న సబబే. మా బాయిలర్ నీలగిరి కట్టెల మీద నడుస్తుంది, ఒక రాత్రంతా నడపాలంటే ట్రాక్టరు లోడులో మంచి వంతు అయిపోతుంది. ఒక్క గదికి చేసి చూద్దామని, కారిడార్ కార్డులు తేడా చూపిస్తే మిగతా గదులకి కూడా, లేకపోతే మానేద్దామని ఒప్పుకున్నాం. మొదటిసారి నాకు బాగా అర్థమైంది ఏమిటంటే, గది గాలి 70కి రావడం సులువు, సంచి కడుపు 70కి రావడం కాదు. గాలి గంటల్లో వేడెక్కింది. సంచుల మధ్యలో గుచ్చిన థర్మామీటర్లు మాత్రం కింది వరసల్లో చాలాసేపు 50ల్లోనే నిలబడిపోయాయి. ఫ్యాన్ తిప్పుతూ, ఆవిరి పైపుని నేలకి దగ్గరగా మార్చాక కదిలాయి. లెక్క కింది వరస సంచి మధ్యలో ఉన్న థర్మామీటర్ చూసి మొదలవ్వాలి, గోడ మీది మీటర్ చూసి కాదు. ఇంకో హెచ్చరిక కూడా ఉంది. మా గోడలు పఫ్ కాబట్టి నిలబడ్డాయి, థర్మోకోల్ నింపిన ప్యానెళ్ళు ఉన్నవాళ్ళు వేడి విషయంలో ప్యానెల్ వేసినవాళ్ళని అడగకుండా ఈ పని చేయొద్దు.

గది ఖాళీ చేసిన వారం కారిడార్ కార్డులు పెద్దక్క తీసుకొచ్చి ఏమీ మాట్లాడకుండా బల్ల మీద పెట్టింది. పసుపు రంగు కనపడుతోంది. అన్న కట్టెల లోడు గురించి మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత వలల పని. గాలి లోపలికొచ్చే డక్టుకీ బయటికి పోయే రంధ్రాలకీ అంగుళానికి 40 కన్నుల వల బిగించాలి, ఫోరిడ్ రెండు మూడు మిల్లీమీటర్లే కాబట్టి దోమతెర లాంటిది చాలదు. వల వేసిన ఫ్యాబ్రికేటర్ పాత ఫ్రేములోనే కొత్త వల బిగించి వెళ్ళిపోయాడు. వారం లోపే ఆ గదిలో పుట్టగొడుగులు చిన్న గొడుగు, పొడుగు కాడలతో రావడం మొదలైంది. ఈగ సమస్య కాదది, గాలి సమస్య. సన్న వల ఫ్యాను గొంతు నొక్కేసింది, తాజా గాలి తగ్గింది, గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయింది. బటన్‌కి మొగ్గ వేసే సమయంలో అది 1000 పీపీఎం లోపు ఉండాలి. పరిష్కారం వల తీసేయడం కాదు, వల వైశాల్యం పెంచడం. డక్టు ముందు పెద్ద పెట్టెలాంటి ఫ్రేము కట్టించి అయిదు వైపులా అదే వల వేయించాం, గాలి మళ్ళీ సాఫీగా వచ్చింది. వలకి దుమ్ము పడితే మళ్ళీ అదే కథ, కాబట్టి కార్డులు మార్చే రోజే బ్రష్‌తో దులుపుతాం. ఐపీఎం, అంటే మందు ఒక్కదాన్నే నమ్ముకోకుండా చేసే సమగ్ర సస్యరక్షణ, గురించి మాట్లాడేవాళ్ళు వల వేయమని చెప్తారు, గాలి సంగతి తక్కువగా చెప్తారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తలుపుల విషయంలో ఒక అగరుబత్తి చాలు. గది మూసి, ఫ్యాను నడుస్తుండగా, తలుపు కింద సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పెట్టండి. పొగ బయటికి వస్తే గది లోపలి గాలి ఒత్తిడి ఎక్కువ ఉందని, ఈగ ఎదురీది రావాలని అర్థం. పొగ లోపలికి పోతే ఈగని మీ ఫ్యానే పీల్చి లోపలేస్తోందన్నమాట. మా స్పాన్ రన్ గదికే పొగ లోపలికి పోయింది. ఎగ్జాస్ట్ కొంచెం మూసి, తలుపు కింద రబ్బరు పట్టీ బిగించి, బయట ఒక చిన్న ముందు గది లాంటిది పాలిథిన్‌తో కట్టాం. ఒక తలుపు మూశాకే రెండోది తెరవాలి. అలాగే తలుపు నెత్తిన ఉన్న ట్యూబ్‌లైట్ తీసేసి, కాస్త దూరంలో చిన్న పసుపు బల్బు, దాని వెనక ఆముదం పూసిన పసుపు షీటు పెట్టాం. చీకటి పడే వేళ వెలుతురు తలుపు దగ్గర ఉంటే ఈగని మనమే పిలిచినట్టు.

కంపోస్టు యార్డుతో మాట్లాడటం అన్నిటికంటే కష్టమైంది. వాళ్ళ లారీ సాయంత్రం వచ్చేది, పైన కప్పేమీ లేకుండా. రాత్రి దించుకుంటుంటే దీపాల చుట్టూ ఈగలు ముసిరేవి. కొన్ని యార్డు నుంచే వచ్చినవి, కొన్ని మావే. పొద్దున చల్లటి వేళే సరుకు పంపమని, లారీకి సన్నవల కప్పమని అడిగితే మొదట విసుక్కున్నారు. వేరే ఫారాలు ఎవరూ అడగట్లేదన్నారు. మా చార్టు ఫోటో పంపాక కొంచెం దిగొచ్చారు. అదే యార్డుతో ఇంకో గొడవ కూడా జరిగింది. ఒక లాటు సంచుల మీద, కేసింగ్ వేసిన కొన్నాళ్ళకి, కారప్పొడి రాల్చినట్టు ఎర్రటి ధూళి కనిపించింది. వేలితో తాకితే కదిలింది. అవి మైట్లు. పని చేసేవాళ్ళు భయపడి సంచులు పారేయబోయారు. కానీ వీటిలో ఈ రకం పుట్టగొడుగుని తినదు, ఆకుపచ్చ బూజుని, అంటే ట్రైకోడెర్మాని తింటుంది. అంటే సంచి లోపల ఎక్కడో ఆకుపచ్చ బూజు ఉందని మైట్లే వచ్చి చెప్తున్నాయి. సంచి చీలిస్తే నిజంగానే ఉంది. యార్డులో కంపోస్టుని ఆవిరి గదిలో 57-59 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది గంటలు పాశ్చరైజ్ చేయాలి, తర్వాత 45-50 దగ్గర అమ్మోనియా వాసన పూర్తిగా పోయేదాకా ఉంచాలి. ఈ రెండో పని తొందరపడి ముగిస్తే మిగిలిన అమ్మోనియా విత్తనాన్ని దెబ్బతీస్తుంది, పోటీ బూజు ఆ చోటు పట్టేస్తుంది. లాటు నంబర్ రాసి ఉన్న సంచి ఫోటో, మైట్ల ఫోటో రెండూ పంపాం. తర్వాతి లాట్లు మెరుగ్గానే వచ్చాయి. వాళ్ళేం మార్చారో చెప్పలేదు, మేం గుచ్చి గుచ్చి అడగలేదు.

ఈగనీ తెగులునీ వేరు చేసి చూడలేం. పొడి బుడగ తెగులు తగిలిన పుట్టగొడుగు ఆకారం లేకుండా ఉబ్బిన గడ్డలా, బూడిద రంగులోకి మారుతుంది. దాని సిద్ధబీజాలు జిగటగా ఉండి ఈగ కాళ్ళకి అంటుకుంటాయి, నీళ్ళు పోస్తే చిమ్మి పక్క సంచి మీద పడతాయి, కోసేవాళ్ళ చేతుల మీదుగా కూడా పోతాయి. అందుకని నీళ్ళు పోసే ముందు గది మొత్తం ఒక మనిషి తిరిగి చూడాలని పెట్టాం. బుడగ కనపడితే ముట్టుకోకుండా తడి టిష్యూ కాగితం కప్పి, పైన ఉప్పు గుట్టగా పోసి, ప్లాస్టిక్ గ్లాసు బోర్లించడం. పీకి బకెట్లో వేయడమే అందరికీ చేతికొచ్చే పని, సరిగ్గా అదే చేయకూడదు. దీనికి పెద్దక్క కంటే ఆమె తోడికోడలు బాగా పనికొచ్చింది. ఒక్కో సంచినీ వంగి చూస్తుంది, తొందరపడదు.

పని వరస మార్చడానికి ఎక్కువ నిష్ఠూరాలు పడ్డాను. పొద్దున ముందు పసి గదులు, తర్వాత మొదటి కోత, చివరికి ముసలి గదులు. ముసలి గదికి వెళ్ళిన మనిషి ఆ రోజు మళ్ళీ వెనక్కి రాకూడదు. ముసలి గదుల్లో కోత ఎక్కువ బరువు ఉన్న రోజు, సరుకు ముందు పంపాలని మేస్త్రి ఈ వరస తిప్పేసేవాడు. చివరికి ఏప్రన్ రంగులు పెట్టాం: పసి గదులకి తెలుపు, ముసలి గదులకి నీలం. నీలం ఏప్రన్ వేసుకున్న మనిషి తెల్ల గది తలుపు దగ్గర కనపడితే ఎవరైనా అరవొచ్చు, మేస్త్రి మీద కూడా. అరిచే హక్కు వచ్చాక ఆ రూలు దానంతటదే నడిచింది.

మందుల గురించి కూడా చెప్పాలి, పూర్తిగా వదిలేయలేదు కాబట్టి. కేసింగ్ వేసినప్పుడు బీటీఐ, అంటే దోమల లార్వాలకి వాడే బ్యాక్టీరియా, నీళ్ళలో కలిపి పోస్తాం. సియారిడ్ పిల్లపురుగు అది తింటేనే చస్తుంది, అదీ చిన్నగా ఉన్నప్పుడే. ఫోరిడ్ మీద దానికి పెద్ద పట్టు లేదు. అందుకే కార్డుల మీద రెండింటినీ విడిగా లెక్కపెట్టడం. సియారిడ్ లేని గదికి బీటీఐ పోయడం డబ్బు దండగ. వేపనూనె కూడా ఒక గదిలో చూశాం, ఈగ కొంచెం తగ్గినట్టే ఉంది గానీ హోటల్ వాడు డబ్బా తెరిచి వాసన చూసి ఫోన్ చేశాడు. అక్కడితో మానేశాం. విదేశాల్లో కేసింగ్ మీద స్టైనర్నీమా అనే కీటకాల్ని తినే నులిపురుగుల్ని నీళ్ళతో వదులుతారు. ఇక్కడ బెంగళూరు హెబ్బాళ్‌లో ఉన్న ఎన్‌బీఏఐఆర్ అనే కేంద్ర కీటక పరిశోధన సంస్థ ఇలాంటి కీటక నులిపురుగుల మీద చాలాకాలంగా పని చేస్తోంది. మా తమ్ముడు ఆ దారిలో వెళ్దామంటాడు. నాకైతే ముందు వలలు, ఆవిరి, కుప్ప ఈ మూడూ సరిగ్గా కుదుటపడాలని, తర్వాతే కొత్తది కలపాలని ఉంది. రెండు మూడు పనులు ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో చార్టు చెప్పలేదు.

కుప్ప సంగతి తేలిగ్గానే తెగింది. ఖాళీ చేసిన రోజే ట్రాక్టరు రావాలి, రాకపోతే టార్పాలిన్ కప్పి అంచుల మీద రాళ్ళు. కాడ మొదళ్ళకి మూత ఉన్న డ్రమ్ము. ద్రాక్ష రైతులకి ఉడికించిన కంపోస్టు అంటే ఇంకా ఇష్టమే, బేరం కూడా ఆడట్లేదు.

ఏడాది తిరిగాక చార్టు చూస్తే స్పాన్ రన్ గది కార్డుల మీద ఫోరిడ్ అరుదైంది, మూడో కోతలో కాడలు కోస్తే తెల్లగానే ఉంటున్నాయి, కోత కూడా మామూలు స్థాయికి వచ్చింది. వానలు మొదలైన జూన్ నుంచి మాత్రం కారిడార్ లెక్క పైకి పోతుంది, బయట తడి ఎక్కువవుతుంది కాబట్టి. అప్పుడు కార్డులు వారానికి రెండుసార్లు.

మాలో మాకు ఇప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది, నాలుగో కోత. మూడు కోతలతోనే పంటలో చాలా భాగం వచ్చేస్తుంది. నాలుగోదాని కోసం గదిని ఇంకో పది రోజులు ఉంచితే వచ్చే సరుకు కొంచెం, ఈగకి దొరికే అదనపు తరం పెద్దది. మూడుతో ఆపి ఉడికించేద్దామని నా వాదన. పెళ్ళిళ్ళ సీజన్‌లో ధర పెరిగినప్పుడు అన్న నాలుగో కోత వదులుకోడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: మూడో కోత చివర్లో ఆ గది కార్డుల లెక్క మేం గీసుకున్న గీత లోపల ఉండాలి, బుడగ తెగులు ఒక్కటి కూడా కనపడకూడదు, పక్క గది స్పాన్ రన్‌లో ఉండకూడదు. ఈ మూడూ కుదిరితేనే నాలుగోది. కుదిరాయా లేదా అని చెప్పేది నేనూ కాదు, అన్నా కాదు. కార్డులు లెక్కపెట్టే పెద్దక్క చెప్పాలి. పోయిన వారం రెండో గదికి కుదరలేదంది. బాయిలర్ వెలిగించాం.